జర్మన్ ఎలక్ట్రానిక్ వినేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? (మెలోడీ ఉన్నది, ఉత్త డబ్‌డబ్ కాదు)

నైట్‌షిఫ్ట్_వైజాగ్ · రాత్రి 2:10
అందరికీ నమస్తే అండి. సెక్షన్ తప్పయితే అడ్మిన్‌గారు మార్చేయండి. నాది నైట్ డ్యూటీ, రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లారి ఆరున్నర దాకా సపోర్ట్ టికెట్లు, అంటే కస్టమర్ల కంప్లెయింట్లు చూసే పని. పాటలు పెట్టుకుంటే మాటల వెంట మనసు పోతుంది, చదివిన మెయిల్ మళ్ళీ మొదట్నించి చదవాలి. ఏమీ పెట్టుకోకపోతే ఏసీ సౌండ్‌కి నిద్ర. అలా ఉండగా ఆటోప్లేలో ఉల్రిష్ ష్నాస్ అని ఒకాయన ఆల్బమ్ వచ్చింది, ఫార్ అవే ట్రెయిన్స్ పాసింగ్ బై, 2001లోది. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇంతకీ నా డౌట్ ఏంటంటే, ఒక చిన్న ట్యూన్, ఏడెనిమిది స్వరాలుంటాయేమో, అదే తిరుగుతా ఉంటది, కానీ మూడో నిమిషం దాటేసరికి మొదట విన్న ట్యూనేనా ఇది అనిపిస్తది, ఏం మారిందో చెప్పమంటే చెప్పలేను, వెనక్కి జరిపి మళ్ళీ వింటే స్వరాలు అవే. మరి ఏం మారుతుంది? మ్యూజిక్ నేర్చుకున్నోడిని కాదు, అర్థమయ్యేలా చెప్పండి. వెతుక్కుంటూ పోతే వీళ్ళంతా జర్మన్లే ఎక్కువగా తగులుతున్నారు, అదెందుకో కూడా.

చెమ్నిట్జ్_చాయ్ · రాత్రి 2:38
బ్రో నేను జర్మనీలో చెమ్నిట్జ్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చేస్తున్నా, ఇక్కడ ఇంకా రాత్రి పన్నెండు కాలేదు. ఆ ఆల్బమ్‌లో బ్లూమెన్‌వీజె నేబెన్ ఆటోబాన్ అని ఒకటుంటుంది కదా, పేరుకి అర్థం తెలుసా? హైవే పక్కన పూల మైదానం. నాకు భాష రాకముందు ఏదో సైంటిఫిక్ పేరనుకున్నా. చివర్లో వచ్చే మోల్ఫ్‌జే అంటే కీల్ ఊరి దగ్గర ఒక పల్లె, ఆయనది కీల్. అంటే మనోడు భీమ్లీ, తగరపువలస అని పేర్లు పెట్టుకున్నట్టు అన్నమాట.

ఇంకోటి, పేరులో ఆటోబాన్ ఊరికే రాలేదనుకుంటా. క్రాఫ్ట్‌వర్క్ అని ఇక్కడి ఎలక్ట్రానిక్ బ్యాండ్, వాళ్ళది 1974లో ఆటోబాన్ అనే ఆల్బమ్ ఉంది, టైటిల్ ట్రాక్ ఒక్కటే 22 నిమిషాల పైన, ఎల్పీలో ఒక సైడంతా అదే. కారు డోర్ వేసిన సౌండ్‌తో మొదలై బండి స్టార్ట్ అవుతుంది, ఇక పోతానే ఉంటుంది. వాళ్ళు రోడ్డు మీద ఉంటే ఈయన పక్కనున్న గడ్డిలో కూర్చున్నాడు, నాకలా అనిపిస్తది.

ఓరుగల్లు_కీస్ · పొద్దున 9:15
తమ్మీ, ఏమనుకోకు గానీ గిందులో ఏముందని? నేను పద్దెనిమిదేండ్ల సంది ఆర్కెస్ట్రాల కీబోర్డ్ వాయిస్తున్న. కీబోర్డ్‌ల ఆర్పెజియో బటన్ ఉంటది, ఒక కార్డ్ పట్టుకొని చాయ్ తాగి రావొచ్చు, అదే వాయించుకుంటది. పెండ్లిల అట్ల చేస్తే పిల్ల మేనమామ వచ్చి తిడ్తడు. వీళ్ళు జేస్తే మాత్రం గొప్పనా? మెషీన్ వాయించేదానికి మనిషెందుకు?

లూప్‌రాణి · పొద్దున 10:02
అన్నా, మీరడిగింది కరెక్ట్ ప్రశ్నే, వైజాగ్ తమ్ముడు అడిగింది కూడా అదే, రెండిటికీ జవాబు ఒకటే. (నేను బెంగళూరులో యాడ్స్‌కి సౌండ్ చేస్తుంటా, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.)

70ల నాటి మూగ్ సింథసైజర్ సీక్వెన్సర్ (స్వరాల్ని వరసగా వాయించే పెట్టె) ఫొటో చూడండి. అడ్డంగా ఎనిమిది గడులు, ఒక్కో గడికి నిలువుగా మూడు నాబ్‌లు. ఒక్కో నాబ్ ఇంత వోల్టేజ్ అని పంపిస్తుంది, ఆ వోల్టేజ్‌ని బట్టి స్వరం పైకో కిందకో పోతుంది. లైట్ ఒక్కో గడీ దాటుకుంటూ పోయి ఎనిమిదోది అవగానే మళ్ళీ ఒకటికి వస్తుంది. అంతే మెషీన్ పని. ఇక మనిషి పని ఏంటంటే అది తిరుగుతుండగా చేతులు పెట్టడం. ఐదో నాబ్ కొంచెం తిప్పితే ఐదో స్వరం మారుతుంది, మిగతా ఏడూ అలాగే. నాలుగు చుట్లయ్యాక రెండోది. మనకి ట్యూన్ మారినట్టు తెలియదు, ట్యూన్ ఎక్కడికో వచ్చేసినట్టు తెలుస్తుంది.

కానీ అసలు సంగతి ఫిల్టర్. స్వరం అదే ఉంటుంది, దాని మీది మెరుపు ఎంత బయటికి రానివ్వాలో ఫిల్టర్ చూసుకుంటుంది. మూసేస్తే పక్కింట్లో వాయిస్తున్నట్టు గోడ అవతల నుంచి బొంగురుగా వస్తుంది, మెల్లగా తెరిస్తే తలుపు తీసినట్టు, పూర్తిగా తెరిస్తే మన మొహం మీదే. తమ్ముడూ, నువ్వు వెనక్కి జరిపి స్వరాలు పోల్చావు, అవి మారలేదు, మారింది తలుపు. ఈసారి ట్యూన్ వదిలేసి ఆ తలుపు ఎంత తెరిచుందో అదొక్కటే గమనించు. అన్నా, మీరు కార్డ్ పట్టుకొని చాయ్‌కి పోతారు, వీళ్ళు అక్కడే నిలబడి తలుపు పట్టుకుంటారు, తేడా అంతే.

తకధిమి · పొద్దున 10:40
మేడమ్ చెప్పింది బాగుంది గానీ ఒక మాట. నేను మృదంగం వాడిని. ఈ మ్యూజిక్‌లో గమకం లేదు. స్వరం మేకు కొట్టినట్టు నిటారుగా నిలబడుతుంది, ఊగదు, జారదు. మన చెవికి అదే పెద్ద లోటు. రెండు నిమిషాలకి మించి నా వల్ల కాలేదు.

లూప్‌రాణి · పొద్దున 11:05
ఒప్పుకుంటానండీ, స్వరంలో గమకం లేదు. కానీ ఆ ఊగడం నాదంలోకి పోయింది. ఫిల్టర్ తెరుచుకుని మూసుకోవడం, ఎకో వెనక పడుతూ కొంచెం బొంగురుపోవడం, రెండు ఆసిలేటర్లు (సౌండ్ పుట్టించే భాగాలు) ఒకే స్వరం మీద ఉండి కూడా వెంట్రుకవాసి తేడాతో ఒకదాన్నొకటి ఒరుసుకుంటే వచ్చే అల, ఇవే వీళ్ళ గమకాలు. తంబురా నాలుగు తీగలూ మీటుతుంటే ఒక్కసారి మీటిన దానికీ ఇంకోసారి మీటిన దానికీ తేడా ఉంటుంది కదా, ఎవరూ పాడకపోయినా కాసేపు వినబుద్ధేస్తుంది కదా. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పాతక్యాసెట్ · మధ్యాహ్నం 1:20
పిల్లలూ బాగా మాట్లాడుతున్నారు. నాకు అరవై దాటాయి. మా పెదనాన్నగారబ్బాయి దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో టాంజరీన్ డ్రీమ్ అనే బ్యాండ్ వాళ్ళ ఫేడ్రా ఆల్బమ్ ఉండేది, హాస్టల్‌లో మా రూమ్‌మేట్ అది పెడితే టేప్‌రికార్డర్ పాడైందనుకుని నా స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు పక్క రూమ్ వాడు.

ఫేడ్రా 1974లో వచ్చింది. బెర్లిన్ వాళ్ళు, ఎడ్గార్ ఫ్రోజె, క్రిస్టఫర్ ఫ్రాంకె, పీటర్ బౌమన్ ముగ్గురూ. రికార్డ్ చేసింది మాత్రం ఇంగ్లండ్‌లో, వర్జిన్ వాళ్ళ మేనర్ స్టూడియోలో. అప్పటి ఆ మూగ్‌కి వేడి పడదు. ఆసిలేటర్లు వేడెక్కేకొద్దీ శ్రుతి జారిపోయేది. టైటిల్ ట్రాక్ 17 నిమిషాలు, జాగ్రత్తగా వింటే కింద తిరిగే బేస్ మెల్లగా శ్రుతి తప్పడం తెలుస్తుంది. వేరేవాళ్ళయితే టేప్ చెరిపేసి మళ్ళీ చేసేవాళ్ళు. వీళ్ళు ఉంచేశారు, ఇప్పుడు అందరూ మెచ్చుకునే చోటు అదే. తకధిమి గారూ, మీరు మేకు కొట్టినట్టుందన్నారు, ఇక్కడ మేకే కరిగిందండీ.

చీరాల_మగ్గం · సాయంత్రం 6:30
ఇక్కడ నాకొకటి తట్టింది చెప్తా. మాది మగ్గాల ఇల్లు, నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు, పైన జకార్డు ఉండేది. జకార్డు అంటే చిల్లుల అట్టలు దండలా కుట్టి వేలాడదీస్తారు, తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకొస్తది, చిల్లు ఉన్నచోట పడుగు దారం లేస్తది, లేనిచోట లేవదు. అట్టలన్నీ అయ్యాక మళ్ళీ మొదటి అట్ట. లూప్‌రాణి అక్క ఎనిమిది గడులు అంటుంటే నాకు అట్టల చప్పుడే వినపడింది.

అంటే అంచు మీద నెమలి ఒక్కటే, చీర పొడుగునా అదే తిరిగి తిరిగి వస్తది. కానీ ఎవరి మగ్గం మీది చీరో మా నాన్న పట్టుకు చూసి చెప్పేవాడు. పేక ఎంత గట్టిగా కొట్టారు, ఎండాకాలమా ముసురా, పొద్దున నేసిన జానెడు, సాయంత్రం నేసిన జానెడు, అన్నీ తెలిసిపోతాయి. ఓరుగల్లు అన్నా, మెషీన్ నేసేదానికి మనిషెందుకు అన్నావు కదా, మా ఇంటికొచ్చి ఆ మాట అనకు, మా నాన్న నాడె విసిరేస్తాడు 😄

ఓరుగల్లు_కీస్ · సాయంత్రం 7:05
అరె భయ్, నాయిన్ని ఏమనలే నేను. సరే అట్టల ముచ్చట మంచిగ చెప్పినవ్. కానీ చీర కట్టుకుంటరు. గిది ఏం చేసుకుంటరు?

నైట్‌షిఫ్ట్_వైజాగ్ · సాయంత్రం 7:20
హహ అన్నా, టికెట్లు క్లోజ్ చేసుకుంటా.

చెమ్నిట్జ్_చాయ్ · రాత్రి 9:50
జర్మన్లే ఎందుకు అన్న దానికి నాకు తెలిసినంత. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలకి ఇంట్లో పాత సంగీతం మీద నమ్మకం పోయింది, రేడియోలో అయితే అమెరికా, ఇంగ్లండ్ రాక్, లేకపోతే ష్లాగర్ అని తీపి పాటలు. ఇంకొకరి బ్లూస్ ఎన్నాళ్ళు వాయిస్తాం, మనదంటూ ఏదో ఒకటి ఉండాలి కదా అని 70ల్లో ఒక గుంపు బయల్దేరింది. కొలోన్‌లో రేడియో వాళ్ళ ఎలక్ట్రానిక్ స్టూడియో 1951 నుంచే ఉంది, స్టాక్‌హౌజెన్ అనే పెద్ద కంపోజర్ అక్కడే పనిచేశాడు. అంటే సౌండ్‌ని కత్తిరించి అతికించే పని అప్పటికే పబ్లిక్ రేడియో డబ్బుల మీద నడుస్తోంది.

ఇంకో ముక్క మీకు నచ్చుతుంది. మైకేల్ రోథర్ అని నోయ్! బ్యాండ్ ఆయన, తర్వాత హార్మోనియా అనే బ్యాండ్‌లో కూడా ఉన్నాడు. ఆయన చిన్నప్పుడు కొన్నేళ్ళు కరాచీలో పెరిగాడు. అక్కడ విన్న మొదలూ చివరా లేనట్టుండే సంగీతం తన మనసులో ఉండిపోయిందని తనే చెప్పుకున్నాడు. నోయ్! పాటల్లో ఆ తిన్నగా పోయే డ్రమ్ మీద గిటార్ ఎక్కడా ఆగకుండా తేలుతుంటే నాకు ఆ కరాచీ మాట గుర్తొస్తది. డ్రమ్స్ క్లాస్ డింగర్. వీళ్ళది డ్యుసెల్‌డార్ఫ్, ఇద్దరూ మొదట్లో కొన్నాళ్ళు క్రాఫ్ట్‌వర్క్‌లో వాయించినవాళ్ళే.

మా ఊరి మాట కూడా చెప్పనివ్వండి. ఆల్వా నోటో అనే కార్స్టెన్ నికోలాయ్ పుట్టింది ఇక్కడే, అప్పుడు ఊరి పేరు కార్ల్ మార్క్స్ ష్టాట్. ఆయన సౌండ్లు వింటే ఫ్యాక్స్ మెషీన్ చిటికెలేసినట్టుంటది. అదే ఆయన జపాన్ ర్యూయిచి సకమోటో పియానో పక్కన ఆ చిటికెలు పెట్టాడు, వ్రియోన్ అని 2002 ఆల్బమ్. చలికాలం నాలుగింటికే చీకటి పడ్డప్పుడు హాస్టల్ కిటికీ దగ్గర విన్నా మొదటిసారి. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో ఊరికే మాట్లాడా గంటసేపు.

తకధిమి · రాత్రి 10:30
పొద్దుటి నుంచి మీరు చెప్పినవి వరసగా విన్నా. తాళం సంగతి మాట్లాడతా, అది నాకు తెలిసిన పని కాబట్టి.

చాలామంది అనుకునేట్టు ఇది ఉత్త నాలుగు నాలుగు కాదు. కింద డ్రమ్ చతురశ్రంలో, అంటే నాలుగు నాలుగులుగా పదహారు మాత్రల్లో కూర్చుంటుంది, పైన ట్యూన్ మాత్రం పన్నెండు మాత్రలకో పదికో తిరుగుతుంటుంది. పదహారుతో పన్నెండు కలవాలంటే నలభై ఎనిమిది దాకా ఆగాలి. ఈలోపు అదే స్వరం ఒకసారి దెబ్బ మీద పడుతుంది, ఇంకోసారి దెబ్బకి అటో ఇటో పడుతుంది, అందుకే వైజాగ్ తమ్ముడికి ట్యూన్ మారినట్టుంది. స్వరం మారలేదు, అది నిలబడ్డ చోటు మారింది. తని ఆవర్తనంలో (కచేరీలో తాళవాద్యం ఒక్కటే వాయించే చోట) మేము చేసేది ఇదే, తిశ్రంలో, అంటే మూడేసి లెక్కన పోయి పోయి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి తెచ్చి కలపడం, కలిసినప్పుడు సభలో తలలు ఊగుతాయి. మేడమ్ తలుపు అన్నారు, నేను గడప అంటున్నా, అంతే.

కానీ నా కంప్లెయింట్ ఇంకా ఉంది. మేము కలిపినప్పుడు అరిచి చెప్తాం, మోరా అని ముగింపు జతిని మూడుసార్లు వేసి మరీ. వీళ్ళు కలిసినా చెప్పరు! దాటేసి పోతారు! ఇదేం మర్యాదండీ.

లూప్‌రాణి · రాత్రి 10:44
గడప 👏 ఈ మాట నేను ఆఫీసులో వాడేస్తా, పర్మిషన్ అడగను.

చెప్పకుండా దాటేయడమే దీని మజా అండి. అందుకే పని చేసుకుంటూ వినొచ్చు, చప్పట్లు కొట్టే టైమ్ ఎక్కడా రాదు. నిల్స్ ఫ్రామ్ అనే ఆయన సేజ్ అనే ట్రాక్ విని చూడండి, స్పేసెస్ అని 2013 లైవ్ రికార్డింగులు. ఎనిమిది నిమిషాలు. జూనో కీబోర్డ్ మీద ఒకే ఆర్పెజియో (ఓరుగల్లు అన్న చెప్పిన బటనే!), ఐదారు నిమిషాలు కార్డ్ మారదు, ఎకో మాత్రం పేరుకుంటూ ఉంటుంది. మారదు మారదు అని మనం మర్చిపోయాక అప్పుడు కార్డ్ మారుతుంది.  నాకు పొట్టలో లిఫ్ట్ కదిలినట్టుంటుంది ప్రతిసారీ. మొదట్నించి కార్డులు మారుస్తూ ఉంటే ఆ మార్పుకి ఆ బలం ఎక్కడిది?

పాతక్యాసెట్ · రాత్రి 11:10
అలా ఓపిక పట్టించడంలో అందరికీ తాత ఇంకొకాయన ఉన్నాడమ్మా. మాన్యుయెల్ గోట్షింగ్, ఆల్బమ్ పేరు ఈ2-ఈ4. చదరంగం ఆడేవాళ్ళకి చెప్పక్కర్లేదు, రాజు ముందున్న బంటుని రెండు గడులు జరపడం.

1981 డిసెంబర్‌లో ఒక సాయంత్రం బెర్లిన్‌లో తన స్టూడియోలో ఒక్కడే కూర్చుని ఒకే దఫాలో వాయించాడు, ఎక్కడా అతకలేదు. మర్నాడు హాంబర్గ్‌కి విమానం ఎక్కాలి, దారిలో వినడానికి ఏదో ఒకటి ఉండాలని టేప్ ఆన్ చేశాడట. గంటకి కొంచెం తక్కువ ఉంటుంది. రెండే రెండు కార్డులు. సగం దాకా గిటారే రాదు, అదీ ఆయన అసలు గిటారిస్టు! ఆల్బమ్‌గా 1984లో కానీ రాలేదు, అదీ క్లాస్ షుల్ట్సె అని ఇలాంటి సంగీతమే చేసే ఇంకొకాయన లేబుల్ మీద. తర్వాత 1989లో ఇటలీ వాళ్ళు దాన్ని పట్టుకుని స్వేన్యో లాటినో అని డాన్స్ పాట చేసుకుంటే క్లబ్బుల్లో మోగిపోయింది. విమానంలో వినడానికి చేసుకున్న క్యాసెట్! ఆయన 2022లో పోయారు, షుల్ట్సె కూడా అదే ఏడు.

నా అభిప్రాయం చెప్పమంటే వీళ్ళందరిలో షుల్ట్సెకి ఎక్కువ మార్కులు వేస్తారు జనం, నేను వెయ్యను, ఆయన ముప్ఫై నిమిషాల్లో పది నిమిషాలు పొగే ఉంటుంది. గోట్షింగ్‌లో పొగ లేదు, అంతా కనపడుతుంది.

చెమ్నిట్జ్_చాయ్ · రాత్రి 11:25
అంకుల్ షుల్ట్సె మీద చెయ్యేస్తే ఊరుకోను, ఆయన టైమ్‌విండ్ ఆల్బమ్ ఇంకోసారి వినండి హెడ్‌ఫోన్స్‌లో 😤

పాతక్యాసెట్ · రాత్రి 11:31
విన్నాను నాయనా, నువ్వు పుట్టకముందు విన్నాను.

అడ్మిన్ · పొద్దున 8:00
పైరసీ లింక్‌లు రెండు తీసేశాను. పేరు రాస్తే చాలు, అందరికీ వెతుక్కోవడం వచ్చు. చర్చ బాగుంది, కొనసాగించండి.

చీరాల_మగ్గం · పొద్దున 8:40
కొత్తవాళ్ళవి కూడా చెప్పండి అక్కా, అందరూ 70ల్లోనే ఆగిపోయారు.

లూప్‌రాణి · పొద్దున 9:30
90ల నుంచి వస్తా. నాకు ఇష్టమైనవాళ్ళు ముందు పాడైపోయిన వస్తువులతో చేసినవాళ్ళు. ఓవల్, అంటే మార్కుస్ పాప్, సీడీల మీద కావాలని గీతలు పెట్టి, అవి ప్లేయర్‌లో తట్టుకుంటుంటే వచ్చే ముక్కల్ని ఏరి కట్టాడు, 94డిస్కాంట్ అని 1995లో వచ్చింది. మన ఇంట్లో సినిమా సీడీ అరిగిపోయి హీరో ఒకే మాట మీద కొట్టుకుంటుంటే లేచి తుడిచేవాళ్ళం కదా, ఆయన తుడవలేదు. విచిత్రం ఏంటంటే అది జోలపాటలా ఉంటుంది, గజ్జెల పిల్ల నిద్రలో కదిలినట్టు. పోల్ అని ఇంకొకాయన, ష్టెఫాన్ బెట్కె, వాల్డార్ఫ్ ఫిల్టర్ ఒకటి పాడైతే దాని నుంచి వచ్చే చిటపటల్నే తాళంగా పెట్టుకుని మూడు ఆల్బమ్‌లు చేశాడు, ఆయన పేరు కూడా ఆ ఫిల్టర్ పేరులోదే. తాలింపులో ఆవాలు తలుచుకోండి.

కొలోన్‌లో కొంపాక్ట్ లేబుల్ ఉంది, దాంట్లో పెద్ద తలకాయ వోల్ఫ్‌గాంగ్ ఫాయిట్. గ్యాస్ పేరుతో ఆయన చేసినవి పాత ఆర్కెస్ట్రా రికార్డుల ముక్కల్ని మంచులో ముంచినట్టు, అడుగున ఎక్కడో గుండె కొట్టుకుంటున్నట్టు. ఊరి పక్కన అడవి పేరే ఒక ఆల్బమ్‌కి పెట్టాడు, కోనిగ్స్‌ఫోర్స్ట్. పాంథా డ్యూ ప్రిన్స్ వినాలంటే 2010 బ్లాక్ నాయిస్ తీసుకోండి, అంతా గంటల మోత. తర్వాత ఆయన నిజం గంటలే, యాభై కంచు గంటలున్న పెద్ద వాద్యం పెట్టి 2013లో ఇంకోటి చేశాడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగు గుళ్ళ గంటలు ఒకేసారి వినపడి, ఏది ఏ గుడిదో చెప్పలేనట్టుంటుంది కదా, అచ్చం అది. ఇంకా ఐసొలేది రెస్ట్ (2000), డీజే కోజెది అమీగ్డాలా (2013), రోబాగ్ వ్రూమెది థోరా వుక్ (2011). ఇవి వారానికొకటి చొప్పున వినండి, అన్నీ ఒకరోజే వింటే మైసూర్‌పాక్ కిలో తిన్నట్టే.

ఓరుగల్లు_కీస్ · పొద్దున 11:50
అన్నీ మంచిగనే ఉన్నయ్ గానీ అక్కా, నీకు రోజూ గిదే పని కాబట్టి నీకు దొరుకుతుంది. నా అసొంటోడికి సాఫ్ట్‌వేర్ నేర్చుకునుడు కష్టం. పోయినేడు సెకండ్ హ్యాండ్ సింథ్ ఒకటి ఆన్‌లైన్ల చూసి ఇరవై రెండు వేలకు కొన్న, ఇంటికొచ్చినాక చూస్తే కింది ఆక్టేవ్ల నాలుగు కీలు పలుకయ్. అమ్మినోడు ఫోన్ ఎత్తడు. ఇప్పుడు మా బిడ్డ బొమ్మలు పెట్టుకునే బల్లయింది.

లూప్‌రాణి · మధ్యాహ్నం 12:15
అయ్యో. అన్నా కీలు పలకకపోతే ఏం, లోపల సౌండ్ ఉంది కదా, కంప్యూటర్ నుంచి మిడీ వైర్ పెట్టి వాయించండి, కీలతో పనే లేదు. నిజంగా చెప్తున్నా.

మీరు క్యూబేస్ వాడతారా? రికార్డింగ్‌లకి మన చిన్న స్టూడియోల్లో ఎక్కువ అదే కదా. అది హాంబర్గ్ కంపెనీది, స్టైన్‌బర్గ్. మీరు ప్లగిన్ ప్లగిన్ అంటారే, ఆ వీఎస్టీ పద్ధతి తెచ్చిందీ వాళ్ళే, 1996లో. నేను వాడే ఎబుల్టన్ బెర్లిన్‌ది, 2001లో వచ్చింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో గెర్‌హార్డ్ బేలెస్, రాబర్ట్ హెన్కె ఇద్దరూ మోనోలేక్ పేరుతో ఇలాంటి సంగీతమే చేసేవాళ్ళు, తమకి కావాల్సిన పనిముట్టు బజార్లో లేదని తామే చేసుకున్నారు. కాబట్టి మీరు పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నారు, చిరునామా చూసుకోలేదు అంతే.

ఓరుగల్లు_కీస్ · మధ్యాహ్నం 12:20
క్యూబేస్ జర్మనోళ్ళదా?? నిజమా

చెమ్నిట్జ్_చాయ్ · మధ్యాహ్నం 2:05
నిజం అన్నా. ఇక్కడ ఒక లాభం ఏంటంటే ఇవన్నీ జనం మామూలుగా తీసుకుంటారు. 2024లో బెర్లిన్ టెక్నోని దేశం సాంస్కృతిక వారసత్వం లిస్టులో పెట్టారు. మా ల్యాబ్‌లో ఒక పెద్దాయన, రిటైర్మెంట్ దగ్గర్లో ఉన్నాడు, లేత్ మెషీన్ చూసుకుంటాడు. ఆయనకి క్రాఫ్ట్‌వర్క్ వాళ్ళ కంప్యూటర్ వెల్ట్ మొత్తం నోటికొచ్చు, అదే కంప్యూటర్ వరల్డ్ జర్మన్‌లో, 1981ది. బెర్లిన్ గోడ ఇవతల తూర్పు జర్మనీలో పెరిగిన మనిషి, దొంగచాటు టేపుల్లో విన్నాడట. లేత్ తిరుగుతుంటే దాని శ్రుతికి కలిపి ఈలేస్తాడు. నేను ఆ లయలోనే రీడింగ్‌లు రాసుకుంటా.

నైట్‌షిఫ్ట్_వైజాగ్ · రాత్రి 3:15
అందరికీ థ్యాంక్స్ అండి, ఇంత వస్తుందనుకోలా. రాత్రి తలుపు, గడప రెండూ గుర్తుపెట్టుకుని ష్నాస్‌ని మళ్ళీ విన్నా. పాసింగ్ బై ట్రాక్‌లో నిజంగానే తలుపు తెరుచుకోవడం వినపడింది, ఇన్నాళ్ళూ అదే విన్నా కానీ అది విన్నానని తెలియలేదు. ఒక నష్టం కూడా జరిగింది, ఇప్పుడు దాన్ని పట్టుకోవాలని చూస్తా కూర్చుంటే రెండు టికెట్లు లేట్ అయ్యాయి. మా లీడ్‌కి ఏం చెప్పాలి, ఫిల్టర్ తెరుచుకుంది సార్ అనా.

ఒకటి అడగాలి. ఇది వింటే దిగులుగా ఉంటది కానీ చెడ్డ దిగులు కాదు, అదెలా?

చీరాల_మగ్గం · పొద్దున 7:10
బ్రో ఊరి నుంచి బండెక్కినప్పుడు కిటికీ పక్కన ఉండేది అదే కదా. ఏడుపొచ్చేంత ఉండదు, టీ అమ్మేవాడు వస్తే తాగుతాం కూడా.

పాతక్యాసెట్ · పొద్దున 7:45
మాటలుంటే ఎవరి దిగులో తెలిసిపోతుంది. ఇక్కడ మాటల్లేవు కాబట్టి నీదే పెట్టుకుంటావు. నేను ఆ హాస్టల్ రూమ్ పెట్టుకుంటాను.

ఓరుగల్లు_కీస్ · రాత్రి 1:50
రిపోర్ట్ రాస్తున్న, చదువుండ్రి. ఇయ్యాల జమ్మికుంట దిక్కు రిసెప్షన్ ప్రోగ్రామ్ ఉండె. పదకొండున్నరకు ఒడిసింది, వ్యాన్ల సామాన్ ఎక్కించి ముంగటి సీట్ల కూసొని పెద్దసారు చెప్పిన ఈ2-ఈ4 పెట్టిన, చూద్దాం ఏముందో అని. డ్రైవర్ ఏమనలే. హుజూరాబాద్ దాటినంక ప్యాడ్స్ వాయించే పిల్లగాడు ఎన్కకెళ్ళి లేచి అడిగిండు, అన్నా గిది అయిపోతున్నదా, ఇంకా షురూ కాలేదా అని. నాకు నవ్వొచ్చింది, నాకూ తెల్వదురా అన్న.

ఇగ ముప్పై నిమిషాలు దాటినంక గిటార్ వచ్చింది. అప్పుడు మాత్రం, అబద్ధమెందుకు, సౌండ్ పెంచిన. వాడు ఏం తొందర పడ్తలేడు. మేం ప్రోగ్రామ్‌ల నాలుగు నిమిషాలకు ఒక పాట కొట్టి గెంతాలె, లేకుంటే డీజే పెట్టమంటరు. గీన రాత్రంతా ఉన్నట్టు వాయిస్తుండు. వరంగల్ లైట్లు కనబడంగనే పిల్లగాడు ఇంకో రౌండ్ ఎయ్యన్నా అన్నడు, నేనే బంద్ చేసిన, వాడి ముంగట ఒప్పుకోబుద్ధి కాలే.

అయినా నా మాట నాదే, మా పెండ్లిల నడవది గిది.

అక్కా, ఆ రెండు కార్డులేందో చెప్పు, ఊకెనే స్టైల్ మెమరీల పెట్టుకుంట.

లూప్‌రాణి · పొద్దున 8:20
చెప్పను 😌 చెవితో పట్టండి.

ఓరుగల్లు_కీస్ · రాత్రి 11:40
పట్టిన, పట్టుడు పెద్ద పనేం కాదు. వైర్ కూడా దొరికింది, బిడ్డ బొమ్మలు మంచం మీదికి జరిపిన, సింథ్ పలుకుతుంది. ఇరవై నిమిషాలు ఆ రెండే వాయించిన. ఏడో నిమిషం కాడ నాకు చెయ్యి ఊకోలేదు, మూడో కార్డ్ ఏసిన, మొత్తం ఖరాబైంది. రేపు మళ్ళ చూస్తా.